విప్పి చూడనివారికి బండి ఇవ్వకండి

బండి ఇంజనును చల్లబరిచే రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు, మొత్తం మార్చాల్సిందేనని ఎవరైనా చెబితే, విప్పి చూశారా అని ముందు అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరకక మా యాత్రలో మంచి భాగం ఒక సర్వీస్ సెంటర్ సోఫాలో గడిచిపోయింది.

మైదానంలో ప్రయాణం హాయిగా సాగింది, చెప్పుకోవడానికేమీ లేదు. ఘాట్ రోడ్డులో లారీల వెనక మొదటి గేరులో పాకుతుండగా ఉష్ణోగ్రత దీపం వెలిగింది. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాను పని అంతగా ఉండదు. నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఆ గాలి చాలదు. ఇంజను వేడిని రేడియేటర్‌కు మోసుకొచ్చే ద్రవం, అంటే కూలంట్, వేడి సుమారు 100 డిగ్రీలకు చేరాక ఫ్యాను దానంతట అదే తిరగాలి. మాది కదలలేదు.

ఇంజను ఆపాం. రేడియేటర్ మూత తీసి నీళ్లు పోద్దామన్నాడు అన్నయ్య. నేను ససేమిరా ఒప్పుకోలేదు. లోపల పీడనం ఉంటుంది, వేడి మీద మూత తిప్పితే మరిగే కూలంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. ఆయన అలిగి ఒక రాయి మీద కూర్చున్నాడు. చల్లారాక, ఆగి ఆగి కిందికి దిగాం.

అద్దాల గోడల సర్వీస్ సెంటర్‌లో ఒక యువకుడు బండికి యంత్రం తగిలించి, తెర చూసి, “ఫ్యాను యూనిట్ మొత్తం మార్చాలి సార్, తెప్పించడానికి వారం పడుతుంది” అన్నాడు. అంచనా కాగితంలో వేడిని బట్టి కూలంట్ దారి తెరిచే థర్మోస్టాట్, ఫ్యానుకు కరెంటు కలిపే రిలే కూడా చేరాయి. ఫ్యాను రెక్కను వేలితో తిప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడండి అని బతిమాలాను. అది తమ పద్ధతి కాదన్నారు. తనిఖీ రుసుము మాత్రం పైసా తగ్గించకుండా తీసుకున్నారు.

వాళ్లు చూపించిన లాడ్జి ఇంకా ఘోరం. బండి పెట్టడానికి చోటు లేదు, పక్క గుడ్డలకు ముక్క వాసన, పొద్దున ఏడు దాటితే వేడినీళ్లు బంద్. గది కాస్త ఆలస్యంగా ఖాళీ చేశామని మరో రోజు అద్దె పూర్తిగా పిండారు. అన్నయ్య “పద” అనడం తప్ప మాట్లాడడం మానేశాడు.

ఆ కోపంలోనే మోటార్లకు వైండింగ్ చేసే ఒక పెద్దాయన రేకుల షెడ్డుకు చేరాం. ఆయన ముందు ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. రెండు వైర్లతో మోటారుకు నేరుగా 12 వోల్టులు ఇచ్చాడు. తిరగలేదు. స్క్రూడ్రైవర్ పిడితో డబ్బా మీద తట్టగానే గిర్రున తిరిగి, మళ్లీ ఆగింది. “మోటారు పోలేదు బాబూ, బ్రష్‌లు అరిగాయి” అన్నాడు. మోటారులో తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే కార్బన్ ముక్కలే బ్రష్‌లు.

మోటారు మూత, డబ్బా కలిసే చోట అడ్డంగా గీత గీశాడు, తిరిగి అదే స్థానంలో బిగించాలని. మడిచిన రేకు అంచులను మెల్లగా లేపాడు. లోపలంతా నల్లటి కార్బన్ పొడి. ఒక బ్రష్ గోరంత మిగిలింది. అంత పొట్టిదైతే స్ప్రింగు దాన్ని కమ్యుటేటర్‌కు, అంటే ఇరుసుతో పాటు తిరిగే రాగి ముక్కల చుట్టకు, గట్టిగా ఆనించలేదు, కరెంటు అందదు. తట్టినప్పుడు క్షణం తగిలి తిరిగింది అందుకే.

సన్నని గరుకు కాగితంతో కమ్యుటేటర్ మెరిసేదాకా రుద్ది, రాగి ముక్కల మధ్య గాళ్లలోని పొడిని బ్లేడు మొనతో తీశాడు. కొంచెం పెద్ద సైజు బ్రష్‌లను అరగదీసి, గూటిలో బిగుసుకోకుండా జారేలా సరిచేసి, తీగలు టంకం పెట్టాడు. ఇరుసు తిరిగే చిన్న గొట్టం లాంటి బుష్‌కు గ్రీజు పూయకుండా నూనె చుక్కలే వేశాడు. నూనె పీల్చుకునే లోహం, గ్రీజు పెడితే సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోతాయట.

నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి పరీక్ష. రేడియేటర్ ముందు ఒక కాగితం పట్టుకున్నాడు. ఫ్యాను తిరగగానే అది రేడియేటర్‌కు అతుక్కుంది, అంటే గాలిని సరైన వైపే లాగుతోంది. వైర్లు తారుమారైతే ఫ్యాను వెనక్కి తిరిగి ఎదురుగాలితోనే పోట్లాడుతుంది. చాలామంది ఈ సంగతి చూడనే చూడరు.

మొత్తం ఖర్చు కొత్త యూనిట్ ధరలో పదో వంతు కూడా కాలేదు. పెద్దాయన చెప్పిన బసలో షెడ్డు ఉంది, దీపం ఉంది, రేడియేటర్ రెక్కల మట్టి కడుక్కోవడానికి బకెట్టు ఇచ్చారు. ఒత్తిడి నీళ్లు కొట్టకండి, ఆ రెక్కలు వంగిపోతాయి.

మర్నాడు అదే ఘాట్‌లో, అవే లారీల వెనక, ఇంజను వేడెక్కినప్పుడల్లా ఫ్యాను తిరిగి, చల్లబడగానే ఆగింది. అన్నయ్య పైకి చేరేదాకా పాటలు పాడుతూనే ఉన్నాడు. కొండల వైపు వెళ్లేవారు అదనపు ఫ్యూజులు, రెండు మూరల వైరు సంచిలో వేసుకోండి. బయలుదేరే ముందు బండిని నిలబెట్టి, ఇంజను నడిపి వేడెక్కించి, ఫ్యాను తిరుగుతోందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.