మా రేవు పంటు: ఏ నెలలో ఎక్కుతారో చెబితే రేటింగ్ చెబుతా

వశిష్ఠ గోదావరి మీద మా రేవులో నడిచే పంటు గురించి రాద్దామని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. రేవు పేరు మాత్రం చెప్పను, రేపు పొద్దున్నే మళ్లీ పంటు నడిపే ఆ సరంగు మొహమే చూడాలి కదా. ఆరేళ్లుగా పనికి వెళ్లడం, ఇంటికి రావడం దీని మీదే, బండితో సహా. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లొచ్చు గానీ గంట పైనే పడుతుంది, పెట్రోలు ఖర్చు వేరే. పంటెక్కితే పది నిమిషాలు.

ఎప్పుడూ ఎక్కనివాళ్ల కోసం ఒక మాట: రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను బిగిస్తే అదే పంటు. మనుషులు, బైకులు, కొబ్బరికాయల బస్తాలు, ఒక్కోసారి గేదె కూడా.

కార్తీకం నుంచి సంక్రాంతి ముందు దాకా అయితే కళ్లు మూసుకుని అయిదుకి అయిదు ఇచ్చేస్తాను. ఏరు నిండుగా ఉంటుంది గానీ తొందరపడదు, రేవు మెట్ల దాకా నీళ్లుంటాయి, బండి నేరుగా పంటు మీదికి ఎక్కుతుంది. మధ్యలో తుఫాను హెచ్చరిక వస్తే ఒకటి రెండు రోజులు ఆపేస్తారు, అది సరే. ధనుర్మాసంలో మంచు పడితే ఆరు గంటల ట్రిప్పు ఎనిమిదైనా కదలదు. మొదట్లో నేనూ గొడవపడ్డాను. "ఎదురొడ్డు కనపడితేగానీ మోకు ఇప్పనండి బాబూ, మీరు టీ తాగిరండి" అన్నాడు సరంగు. ఆ మాటకి ఆ రోజు కోపం వచ్చింది గానీ ఇప్పుడు ఆ మనిషి మీద నాకున్న నమ్మకమంతా దాని మీదే.

మరి ఆ జాగ్రత్త పండగకి ఏమైపోతుందో తెలీదు. భోగి ముందురోజు, మళ్లీ మాఘంలో అంతర్వేది తీర్థానికి, జనం మీద జనం, బైకుల మధ్య కాలు పెట్టడానికి చోటుండదు. చార్జీ కూడా నోటికొచ్చినంత, టికెట్టు అడిగితే నవ్వుతారు. లైఫ్ జాకెట్లున్నాయి, ఇంజను గది పక్కన మూటకట్టి వేలాడదీశారు, ముడి విప్పడానికే అయిదు నిమిషాలు పట్టేట్టు. 2018 జులైలో పశువుల్లంక దగ్గర స్కూలు పిల్లలున్న పడవ తిరగబడ్డాక కొన్నాళ్లు అందరికీ తొడిగించారు, తర్వాత మామూలే. ఈ ఒక్క విషయానికి రెండు స్టార్లు కోసేస్తున్నాను.

వేసవి సంగతి వేరు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువకి నీళ్లు పెద్దగా రావు, మా వైపు ఏట్లో ఉండేదంతా చాలావరకు సముద్రపు పోటునీరే, చెయ్యి పెట్టి నోట్లో వేసుకుంటే ఉప్పగా తగులుతుంది. పాటు తీసిందా, అంటే పోటునీరు వెనక్కి లాగిందా, పంటు ఒడ్డుకి రాలేదు, ఇసుక మేట మీద ఆగిపోతుంది. అక్కణ్నుంచి రెండు బల్లలు వాలుగా వేస్తారు. పోయినేడు రోహిణి కార్తెలో, ఆ బల్ల మీద నుంచి బండి దింపుతుంటే ముందు చక్రం ఇసుకలో దిగబడి, వెనక చక్రం బల్ల అంచున ఊగుతుంటే, పంటు మీద పనిచేసే కళాసీ కుర్రాడు పరిగెత్తుకొచ్చి క్యారేజీ పట్టుకున్నాడు. "గేర్లో ఉంచండి, క్లచ్చు వదలకండి" అంటాడు, నా చేతులేమో చెమటకి జారిపోతున్నాయి. అమావాస్యకి, పున్నమికి నీళ్లు మరీ దిగిపోతాయి, ఆ రోజుల్లో క్యాలెండరు చూసుకునే ఇంట్లోంచి బయల్దేరతాను. వేసవికి రెండున్నర.

అసలు పరీక్ష ఎర్రనీరు వచ్చాకే. వరద హెచ్చరిక లేకపోయినా ఆషాఢ శ్రావణాల్లో వడి ఉంటుంది. సరంగు ఎదురొడ్డు వైపు తిన్నగా పోడు, ఒడ్డు పట్టుకుని ఎగువకి చాలా దూరం నడిపి, అక్కడ ముక్కు తిప్పుతాడు. ఇక ఏరే దిగువకి తోసుకుంటూ వస్తుంది, సరిగ్గా రేవు ముందుకి వచ్చి ఆగుతుంది. మధ్యలో పులస వలలుంటాయి, వాటినీ తప్పించాలి. (పులస రేటు అడగకండి, నేనూ అడగడం మానేశాను.) ఆ పనితనానికి అయిదు స్టార్లు చాలవు.

కానీ ఎప్పుడు ఆపేస్తారో చెప్పరు చూడండీ, అక్కడ ఒళ్లు మండుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటేసింది, అప్పుడు ఎవరూ అడగలేదు, అడిగే పనీ లేదు. చిక్కంతా మొదటి హెచ్చరిక దగ్గరే. పొద్దున్న దాటించి సాయంత్రానికి ఆపేస్తారు. ఒకసారి అలాగే ఏడింటికి రేవుకొస్తే పంటు చెట్టుకి కట్టేసి ఉంది, మనిషి లేడు, ఫోనెత్తడు. అవతల ఒడ్డున మా ఇంటి లైటు కనపడుతోంది. ఆ రాత్రి మావయ్య గారింట్లో, ఆయన లుంగీ కట్టుకుని పడుకున్నాను. రేవు వేలంపాటకి లక్షలు పెట్టేవాళ్లకి ఒక పలక, సుద్దముక్క కొనడం కష్టమా?

మొన్నటి నుంచి నీళ్లు రంగు మారాయి. బండి డిక్కీలో ఒక జత బట్టలు, టవలు పెట్టుకునే తిరుగుతున్నాను.