టీఎంసీ, ఎన్4పై: రెండు ఇనుము-ఆక్సో సంక్లిష్టాల పోలిక

సైటోక్రోమ్ పీ450 వంటి ఎంజైముల పనిని అర్థం చేసుకోవడానికి రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన ఇనుము-ఆక్సో సంక్లిష్టాలలో (ఇనుముకు ఒక ఆక్సిజన్ పరమాణువు, అంటే ఆక్సో, అతుక్కున్న అణువులలో) టీఎంసీ, ఎన్4పై ముఖ్యమైనవి; ఇనుమును పట్టుకునే లైగాండ్ (లోహానికి అతుక్కునే అణువు) పేరుతోనే ఒక్కోదాన్నీ ఇక్కడ పిలుస్తున్నాను. రెండింటిలోనూ ఇనుము ఆక్సీకరణ స్థితి +4, రెండూ ఆకుపచ్చగానే ఉంటాయి, అయినా వాటి స్వభావాలు వేరు.

టీఎంసీలో నాలుగు నైట్రోజన్ల వలయం ఇనుమును చుట్టి ఉంటుంది. 2003లో ప్రచురితమైన దాని స్ఫటిక నిర్మాణంలో ఇనుము-ఆక్సిజన్ బంధం పొడవు 1.646 ఆంగ్‌స్ట్రాములు. ట్రైఫెనైల్‌ఫాస్ఫీన్ అనే ఫాస్ఫరస్ సమ్మేళనాన్ని కలిపితే అది తన ఆక్సిజన్‌ను దానికి ఇచ్చేస్తుంది, 820 నానోమీటర్ల దగ్గరి కాంతి శోషణ పట్టీ కరిగిపోతుంది. బలమైన కార్బన్-హైడ్రోజన్ బంధాల ముందు మాత్రం అది తడబడుతుంది.

ఎన్4పై ఐదు నైట్రోజన్లతో ఇనుమును పట్టుకుంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద దాని అర్ధాయువు దాదాపు 60 గంటలు. ఇంత నిలకడగా ఉండి కూడా, మోల్‌కు సుమారు 99 కిలోకేలరీల బలమున్న సైక్లోహెక్సేన్ బంధం నుంచి అది హైడ్రోజన్‌ను లాగేయగలదు. నిలకడ, చురుకుదనం ఒకే అణువులో కలవడం నిజంగా అపురూపం. అందుకే హైడ్రోజన్ అపహరణను అధ్యయనం చేయడానికి నేను దీనినే ఎంచుకుంటాను.

అయితే టీఎంసీలో ఒక సౌలభ్యం ఉంది: ఆక్సోకు ఎదురుగా ఉన్న అసిటోనైట్రైల్ అనే ద్రావణి అణువు స్థానంలో రుణావేశిత లైగాండ్‌ను పెడితే ఫాస్ఫీన్‌కు ఆక్సిజన్ బదిలీ మందగిస్తుంది, హైడ్రోజన్ అపహరణ మాత్రం వేగం పుంజుకుంటుంది.