డబ్బు కట్టి మీరు మాట్లాడేది మనిషితోనేనా? వీడియో చాట్ గదుల్లో నాకు జరిగింది మీకు జరగకూడదు

ఇది నిన్న రాత్రి జరిగింది. ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. కోపం చల్లారాక రాస్తే సిగ్గుతో సగం విషయాలు దాచేస్తానని తెలుసు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఆ వేదిక పేరు రాయడం లేదు. వాడినవాళ్ళు రెండు వాక్యాల్లోనే గుర్తుపడతారు. లోపలికి వెళ్ళగానే గదులు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో గదిలో ఆరుగురో ఎనిమిదిమందో కెమెరా ముందు కూర్చుని ఉంటారు. గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఉచితం. ఎవరితోనైనా విడిగా మాట్లాడాలంటే నిమిషానికి 30 కాయిన్లు. వెయ్యి కాయిన్లు కొంటే 33 నిమిషాలు మాట్లాడవచ్చు, చివర పది కాయిన్లు మిగిలిపోతాయి. ఆ పదికి విలువ రావాలంటే మళ్ళీ కొనాలి. ఈ లెక్క అనుకోకుండా కుదిరిందని నేను ఇప్పుడు నమ్మను.

అమ్మ పోయి నాలుగు నెలలైంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. బంధువులతో మాట్లాడితే మొదటి నిమిషంలోనే ఓదార్పు మొదలవుతుంది. నాకు కావలసింది ఊరికే కబుర్లు. కొత్తవాళ్ళతో మాట్లాడుకునే ఒమెగల్ గురించి ఎప్పుడో విని ఉన్నాను. వెతికితే అది 2023 నవంబరులోనే మూతపడిందని తెలిసింది. ఆ వెతుకులాటలోనే ఇది కనిపించింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఉచిత గదుల్లో గడిపిన మొదటి వారం బాగుంది. ఒకాయన ప్రతి రాత్రీ పదబంధం పూరిస్తూ ఆధారాలు పైకి చదివేవారు, మేమందరం జవాబులు చెప్పేవాళ్ళం. బొమ్మలు వేసే ఒక అమ్మాయి తన కాగితాన్ని కెమెరాకు చూపించి రంగుల గురించి మమ్మల్ని అడిగేది. వాళ్ళు నిజమైన మనుషులు. మధ్యలో దగ్గేవాళ్ళు, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళేవాళ్ళు, మాటకు మాట అడ్డం వచ్చేవాళ్ళు. వాళ్ళను చూసే ఆ వేదిక మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆమె ఆ గదిలోకి ఎనిమిదో రోజున వచ్చింది. ప్రొఫైల్ కింద 'హోస్ట్' అని చిన్న అక్షరాల్లో ఉంది. గదిని నడిపే బాధ్యత ఉన్న మనిషి కాబోలు అనుకున్నాను. "అక్కా, మీరు ఈరోజు ఏమీ మాట్లాడటం లేదేమిటి?" అని నాకు విడిగా సందేశం పంపింది. అంతమందిలో నా మౌనాన్ని ఒక మనిషి గమనించిందనే సంతోషంతో వెంటనే కాయిన్లు కొన్నాను.

ఆమె మైకు పాడైందని చెప్పింది. నేను మాట్లాడతాను, ఆమె వింటూ తల ఊపుతుంది, నవ్వుతుంది, మధ్యమధ్యలో కిందికి చూసి టైపు చేస్తుంది. జవాబు తెర మీద అక్షరాల్లో వస్తుంది. మొదటి రాత్రి మాట్లాడుతూండగా కుడివైపు నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. నీలం రంగు చొక్కా చెయ్యి, సన్నని పట్టీ ఉన్న గడియారం. ఆమె తలెత్తి ఆ మనిషి వైపు చూసి నవ్వింది. ఎంత హాయిగా నవ్విందో! అడగకుండానే నీళ్ళు తెచ్చిపెట్టే మనిషి ఆమెకు ఉన్నారు కదా అనుకున్నాను. ఆ క్షణంలోనే ఆమె నాకు నచ్చేసింది. "ఎవరమ్మా?" అని అడిగితే "మా చెల్లి" అని జవాబు వచ్చింది.

తరువాతి రాత్రి మళ్ళీ ఆ చెయ్యి వచ్చింది, గ్లాసు పెట్టింది. మాటవరసకు అడిగితే ఈసారి "మా ఆయన" అన్నది. నేను పట్టించుకోలేదు. చొక్కా అదే, గడియారం అదే అని నా కళ్ళకు కనిపిస్తూనే ఉంది. కానీ మనసు ఒప్పుకోలేదు. ఆమె జవాబులు ఒకరోజు చక్కని తెలుగులో ఉండేవి, మరొక రోజు ప్రతి మాటలోనూ తప్పులు ఉండేవి. ఒకరోజు 'అక్కా' అని పిలిచేది, ఇంకొకరోజు 'మేడమ్' అనేది. పాపం అలసిపోయి ఉంటుందిలే అని నేనే సర్దిచెప్పుకున్నాను. నా మీద నాకు కోపం వస్తున్నది ఇక్కడే.

మంగళవారం రాత్రి అమ్మ చివరి రోజుల గురించి చెప్పాను. ఆసుపత్రిలో అమ్మ నన్ను గుర్తుపట్టక "ఎవరమ్మా నువ్వు, ఎంత బాగా చూసుకుంటున్నావు" అన్నదని చెప్పాను. ఆ మాట నేను నా అన్నయ్యకు కూడా చెప్పలేదు. చెబుతూ ఏడుస్తున్నాను. సరిగ్గా అప్పుడే తెర మసకబారింది. ఆమె ముఖం మీదుగా ఒక పెట్టె తెరుచుకుంది. "మాట కొనసాగించడానికి కాయిన్లు చేర్చండి" అని రాసి ఉంది, పక్కన క్షణాలు తగ్గుతూ కనిపిస్తున్నాయి. వాళ్ళ వెబ్‌సైటులో నేరుగా కొంటే 200 కాయిన్లు అదనమని కూడా ఉంది. కళ్ళు తుడుచుకుంటూ అక్కడే కట్టాను. తిరిగి వచ్చేసరికి ఆమె అలాగే తల ఊపుతోంది. "మీ అమ్మగారు ఎక్కడున్నా మిమ్మల్నే చూస్తూ ఉంటారు అక్కా" అని రాసింది. ఆ రాత్రి నాలుగు నెలల తరువాత మొదటిసారి ప్రశాంతంగా నిద్రపోయాను. ఇది నిజం, దాచను.

నిన్న శుక్రవారం. మాట కలిసిన రెండు నిమిషాలకు తెర మీద ఈ వాక్యం వచ్చింది:

"అమ్మగారి ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది అక్కా? మందులు వేసుకుంటున్నారా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఇంకెవరికో పంపవలసింది నాకు వచ్చిందేమో అనుకుని మళ్ళీ చదివాను. ఆ వాక్యం పైన ఆమె నవ్వుతూ ఉంది. ఎప్పటిలాగే జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. కుడివైపు నుంచి నీలం చొక్కా చెయ్యి వచ్చింది. గ్లాసు పెట్టింది. ఆమె తలెత్తి చూసి, అదే హాయితో, అదే నవ్వు నవ్వింది.

ఒళ్ళు చల్లబడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. "అమ్మ చనిపోయిందని మంగళవారం చెప్పాను కదా" అన్నాను. కొంతసేపు ఏమీ రాలేదు. ఆమె మాత్రం నవ్వుతూ తల ఊపుతూనే ఉంది. అమ్మ చనిపోయిందంటే నవ్వుతూ తల ఊపుతోంది! తరువాత "అయ్యో, మరిచిపోయాను అక్కా, సారీ" అని వచ్చింది. "ఒక్కసారి కుడిచెయ్యి పైకెత్తి చూపించమ్మా" అని అడిగాను. తెర మీద ఆమె కిందికి చూసి టైపు చేస్తున్నట్టు వేళ్ళు కదిపింది. చెయ్యి మాత్రం ఎత్తలేదు. "నన్ను అనుమానిస్తున్నారా? చాలా బాధగా ఉంది" అని జవాబు. రెండోసారి అడిగాను. మాట తెగిపోయింది. మళ్ళీ ప్రయత్నిస్తే ఈ హోస్ట్ మీకు అందుబాటులో లేరని చూపించింది.

అది ముందే తీసిపెట్టుకున్న వీడియో. తిరిగి తిరిగి అదే నడుస్తుంది. దాని వెనుక కూర్చుని ఒకరోజు ఒకరు, ఇంకొకరోజు మరొకరు టైపు చేస్తుంటారు. మంగళవారం నాతో మాట్లాడిన మనిషి ఎవరో, శుక్రవారం కూర్చున్నది ఎవరో నాకు ఎప్పటికీ తెలియదు. అమ్మ మాట ఎంతమంది చదువుకున్నారో కూడా తెలియదు.

రాత్రంతా కూర్చుని ఇది ఎలా సాధ్యమో చదివాను. కష్టమేమీ లేదట. కంప్యూటర్‌లో వర్చువల్ కెమెరా అనే సదుపాయం ఉంటుంది. ఏ వీడియోనైనా అసలైన కెమెరా దృశ్యంలాగే అవతలివాళ్ళకు పంపుతుంది. వీడియో ప్రసారాలకు వాడే ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే 2020 నుంచి ఇది ఉంది. అది పాఠాలు చెప్పేవాళ్ళకూ ప్రసారాలు చేసేవాళ్ళకూ రోజూ పనికొచ్చే వస్తువు, దాని తప్పేమీ లేదు. తప్పు దాన్ని అడ్డం పెట్టుకుని నిమిషాలు అమ్ముకునేవాళ్ళది. మైకు పాడవడం కూడా ఇందులో భాగమే. గొంతు వినిపిస్తే పెదవులతో కలవాలి, నా మాటకు అప్పటికప్పుడు బదులు పలకాలి. మూగ వీడియోకు ఆ ఇబ్బంది లేదు. తల ఊపడం, నవ్వడం, కిందికి చూసి టైపు చేయడం, ఈ మూడూ ఎవరి ఏ మాటకైనా సరిపోతాయి.

తెల్లవారుజామున వాళ్ళ సహాయ విభాగానికి అంతా రాశాను. గంటలో జవాబు వచ్చింది. అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: "మా హోస్టులు అందించేది వినోద సేవ. వాడిన కాయిన్లకు రీఫండ్ వర్తించదు. ఈ హోస్ట్ నచ్చకపోతే మరొకరిని ఎంచుకోవచ్చు."

నచ్చకపోతే మరొకరిని ఎంచుకోవాలట! నా తల్లి చావు గురించి విని ఓదార్చినట్టు నటించి, నాలుగో రోజు ఆమె మందుల గురించి అడిగినవాళ్ళు ఇచ్చే సమాధానం ఇదా? క్షమాపణ అనే మాట అందులో లేదు. అది వీడియో కాదు అనే మాట కూడా లేదు.

అప్పుడు వాళ్ళ షరతుల పుటలు తెరిచి చదివాను. కొనకముందే చేయవలసిన పని అది. ముందుగా రికార్డు చేసిన దృశ్యాలు వాడవచ్చనీ, హోస్ట్ తరఫున ఇతరులు సందేశాలు పంపవచ్చనీ చాలా కింద ఒక వాక్యం ఉంది. గది పైన పెద్ద ఎర్ర అక్షరాల్లో 'లైవ్' అని రాసి ఉంటుంది. ఆ మాటను అబద్ధం చేసే వాక్యం మాత్రం వెతికితే గాని దొరకదు.

ఒమెగల్‌లో వేరే ప్రమాదాలు చాలానే ఉండేవి. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల గురించి కోర్టు కేసులు కూడా వచ్చాయి, దాన్ని మంచిదని నేను అనడం లేదు. కానీ అవతలివాళ్ళకు విసుగు పుడితే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నన్ను కూర్చోబెట్టడం వల్ల వాళ్ళకు వచ్చేదేమీ లేదు. ఇక్కడ నేను ఎంత ఎక్కువసేపు ఏడిస్తే అన్ని కాయిన్లు ఖర్చవుతాయి. నేను కోలుకుని వెళ్ళిపోతే నష్టం వాళ్ళకు. ఇది మొదటి రాత్రే నాకు తట్టి ఉండాలి. పది రోజుల్లో జీతంలో ఐదో వంతు పోయాక తట్టింది.

డబ్బు తిరిగి రాబట్టే దారి కూడా నేనే మూసుకున్నాను. యాప్ లోపల కొని ఉంటే గూగుల్ ప్లేకి ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ కొన్న 48 గంటల లోపు నేరుగా రీఫండ్ అడిగే వీలుంటుంది. ఐఫోను వాడేవాళ్ళు యాపిల్‌కు రాయవచ్చు. అదనంగా 200 కాయిన్లు వస్తాయన్న ఆశతో నేను వాళ్ళ వెబ్‌సైటులో కట్టాను కాబట్టి ఆ రెండూ నాకు లేవు. ఆ 200 కాయిన్లు ఎందుకు ఇస్తున్నారో ఇప్పుడు అర్థమైంది. ఈ ఉదయం బ్యాంకుకు ఫోను చేసి కార్డు చెల్లింపుల మీద వివాదం నమోదు చేయించాను. తెర ఫొటోలు, వాళ్ళ జవాబు, షరతుల్లోని ఆ వాక్యం జతచేశాను.

మీలో ఎవరైనా ఇలాంటి గదుల్లో ఉంటే, విడిగా మాట్లాడటానికి కట్టేముందు ఉచిత గదిలోనే ఆ మనిషిని ఏదో ఒక చిన్న పని చేయమనండి. మూడు వేళ్ళు చూపించమనండి, మీరు చెప్పిన మాట కాగితం మీద రాసి పట్టుకోమనండి. నిజమైన మనిషి నవ్వుతూ చేస్తారు. బాధపడినట్టు రాసి తప్పించుకుంటే అక్కడితో ఆపేయండి. ఈ మధ్య ముఖాలను అప్పటికప్పుడు మార్చే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది కాబట్టి ఈ పరీక్ష నెగ్గినవాళ్ళందరూ చెప్పుకున్న మనుషులేనని కూడా అనుకోకండి. కట్టవలసి వస్తే యాప్ దుకాణం ద్వారానే కట్టండి. నెలవారీ సబ్‌స్క్రిప్షన్ తీసుకుని ఉంటే యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు, ఖాతాలోని సబ్‌స్క్రిప్షన్ల పుటకు వెళ్ళి రద్దు చేయాలి. కెమెరా ముందు మీరు చెప్పిందీ చేసిందీ అవతల రికార్డు అవుతున్నట్టే భావించండి. ఎవరైనా మీ అంతరంగిక దృశ్యాలు పట్టుకుని బెదిరిస్తే డబ్బు పంపకండి. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళ కోసం స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఆ ఫొటో లేదా వీడియో మీ ఫోను దాటకుండానే దాని డిజిటల్ ముద్ర తయారుచేసి, అది అక్కడ వ్యాపించకుండా అడ్డుకోవడానికి తమతో చేరిన సామాజిక మాధ్యమ సంస్థలకు ఆ ముద్రను పంపుతుంది.

ఆ పదబంధం పూరించే ఆయనకూ, బొమ్మలు వేసే అమ్మాయికీ వీడ్కోలు చెప్పకుండానే ఖాతా మూసేశాను. నేను ఏమయ్యానో అని వాళ్ళు అనుకుంటూ ఉండవచ్చు. వాళ్ళను చేరే దారి నాకు లేదు.

ఖాతా మూసేముందు ఉదయం తొమ్మిదికి ఒక నోటిఫికేషన్ వచ్చింది. ఆమె ఫొటో, కింద ఈ మాటలు: "అక్కా, మీ కోసం ఎదురుచూస్తున్నాను." ఫొటోలో బల్ల మీద ఆ గ్లాసు ఉంది. దాన్ని కూడా ఫొటో తీసి బ్యాంకుకు పంపాను. వాళ్ళ నిర్ణయం తెలియగానే ఇక్కడే చేరుస్తాను.