వాటర్ ఫ్లాసరా, ఫ్లాస్ దారమా: ఆరు నెలలు వాడి చూశాక

పళ్లు తోముకుని ఉమ్మినప్పుడల్లా ఎర్రటి చార కనబడుతుంటే బ్రష్ గరుకుగా ఉందనుకుని మార్చాను గానీ, కుచ్చు చేరలేని పళ్ల సందుల్లో పాచి పేరుకుని చిగుళ్లు వాచాయని డెంటిస్ట్ చూసి చెప్పాక గాని అసలు సంగతి తెలియలేదు. గార తీయించుకున్నాక, సందులు రోజూ శుభ్రం చేసుకోకపోతే మళ్లీ మొదటికే వస్తుందని ఆవిడ హెచ్చరించారు. అందుకని మూడు నెలలు ఫ్లాస్ దారం, తర్వాత మూడు నెలలు నీటిధారతో సందులు కడిగే యంత్రం, అంటే వాటర్ ఫ్లాసర్ వాడాను.

దారంతో పని చూసినంత తేలిక కాదు. సుమారు 18 అంగుళాల ముక్క తీసుకుని, రెండు మధ్య వేళ్లకూ చుట్టి, మధ్యలో అంగుళం మేర బిగించి పట్టుకుని, అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ సందులోకి దింపాలి. దిగాక దాన్ని ఒక్కో పంటి చుట్టూ వంచి, చిగురు అంచు కిందికి కాస్త జార్చి, పైకీ కిందికీ రుద్దాలి. నిటారుగా దించి లాగేస్తే ఇరుక్కున్న పీచు వస్తుందేమో గానీ, బంకలా పట్టుకున్న పాచి పంటి గోడనే అంటుకుని ఉంటుంది. మొదటి వారం దారం రోజూ ఎర్రబడేది, రెండో వారం దాటేసరికి ఆ మరక కనబడడం మానేసింది. ఒకటి రెండుసార్లు తొందరలో టప్పున దించి చిగురు కోసుకున్నాను కూడా.

దారం చేసిన మేలు ఇంకొకటి ఉంది. కుడివైపు కింది దవడ పన్ను దగ్గర అది ప్రతిసారీ పోగులు పోగులుగా చిట్లుతుంటే వెళ్లి చూపించాను. పాత ఫిల్లింగ్ అంచు పైకి లేచిందని తేలింది. నీటిధార అయితే ఆ అంచును తడిపి వెళ్లిపోయేదే తప్ప నాకు చెప్పేది కాదు.

1960ల్లో అమెరికాలోని కొలరాడోలో ఒక డెంటిస్టూ ఒక ఇంజినీరూ కలిసి రూపొందించిన వాటర్ ఫ్లాసర్ నీటిని ఆగి ఆగి కొట్టే సన్నటి ధారగా పంపుతుంది. నోరు తెరిచి స్విచ్ నొక్కిన మొదటి రోజు అద్దం, చొక్కా, గోడ అన్నీ తడిసిపోయాయి. ముందుగా నీళ్లు చిమ్మే సన్నటి గొట్టాన్ని (నాజిల్) నోట్లో పెట్టుకుని, పెదవులు వదులుగా మూసి, సింక్ మీదికి వంగి నీటిని కారనివ్వాలని తర్వాత తెలిసింది. గోరువెచ్చని నీళ్లు పోసి, అతి తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, ధార చిగురు అంచుకు లంబంగా, అంటే 90 డిగ్రీల కోణంలో తగిలేలా పట్టుకుంటే నొప్పేమీ ఉండదు. చిగుళ్ల తేటదనంలో దారం వాడిన నాళ్లకూ దీనికీ నాకు తేడా కనబడలేదు, కానీ ఒత్తుగా ఉన్న కింది ముందు పళ్ల మధ్య నాలుకకు తగిలే ఆ జిడ్డు పొర మాత్రం సాయంత్రానికి అలాగే ఉండేది. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష కూడా, బ్రషింగ్‌కు తోడుగా ఇలాంటి నీటిధార వాడితే చిగుళ్ల వాపు స్వల్పకాలంలో తగ్గవచ్చని అంటూనే, పాచి విషయంలో అంత భరోసా ఇవ్వలేదు. మొత్తంగా ఆధారాలు బలహీనమేనని కూడా చెప్పింది.

కాబట్టి పళ్లు దగ్గర దగ్గరగా ఉండి, వేళ్లు సాగేవారికి నా ఓటు దారానికే. పళ్లకు క్లిప్పులు, లేదా బ్రిడ్జి, ఇంప్లాంట్ లాంటి కట్టుడు పళ్లు ఉన్నవారికీ, కీళ్లనొప్పులతో వేళ్లు వంగనివారికీ మాత్రం యంత్రం నిజంగా వరమే, ఎందుకంటే తీగల వెనక దారం దూర్చే ఓపిక రోజూ ఎవరికుంటుంది? గట్టిపడిన గారను మాత్రం రెండూ కదల్చలేవు, దానికి క్లినిక్‌కే వెళ్లాలి.

నేనిప్పుడు రాత్రి పూట ముందు దారం వాడి, ఆ తర్వాత నీటితో కడిగేస్తున్నాను. యంత్రం కొనేవారు ముందుగా నీళ్ల ట్యాంకు మూతి ఎంత వెడల్పో చూసుకోవాలి. నా దాని మూతి ఇరుకు కావడంతో లోపలికి చెయ్యి పట్టదు. రెండు రోజులు నీళ్లు పారబోయడం మరిచిపోతే అడుగున జారుడు పొర కట్టింది, అది తోమడానికి పాత టూత్‌బ్రష్ ఒకటి పక్కనే పెట్టుకోవాల్సి వచ్చింది.