పెళ్లి డీవీడీలకు ఎంకేవీ: చాలాకాలం వాడాక నా మాట

పాత డీవీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేటప్పుడు వీడియో ఫైలు రకాల్లో ఎంపీ4 మేలా, ఎంకేవీ మేలా అంటే నేను ఎంకేవీ అంటాను. సైజుల లెక్క తర్వాత. అక్క పెళ్లి డిస్క్ దగ్గర జరిగింది చెబుతాను.

2004 నాటి డిస్క్ అది. డిస్క్‌ను ఎంకేవీ ఫైలుగా మార్చే మేక్ఎంకేవీ సాఫ్ట్‌వేర్‌లో కాపీకి పెడితే డ్రైవ్ గరగరమంటూ కష్టంగా చదువుతోంది. సగం దాటిందో లేదో, కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ పెడితే డ్రైవ్ ఆ డిస్క్‌ను గుర్తించనే లేదు. ఇంకో డ్రైవ్‌లోనూ అంతే. వీడియో తీసిన స్టూడియో ఎప్పుడో మూతపడింది. మాకు మిగిలిందల్లా హార్డ్ డిస్క్‌లో మధ్యలో ఆగిపోయిన ఆ ఫైలే.

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తెరిచాను. ఆడింది! కాశీయాత్ర, జీలకర్ర బెల్లం, తలంబ్రాల దాకా ఉంది. అప్పగింతలు పోయాయి, ఆ బాధ ఉంది. కానీ తలంబ్రాల దగ్గర అక్క వెనక నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న నానమ్మ దక్కింది. నానమ్మ గొంతు వినిపించే వీడియో మా ఇంట్లో ఇంకొకటి లేదు.

ఎంకేవీ బొమ్మను, శబ్దాన్ని చిన్న ముక్కలుగా, ఏ ముక్క వివరాలు ఆ ముక్కలోనే పెట్టి రాసుకుంటూ పోతుంది. అందుకే ఆగిన చోటు వరకూ ఆడుతుంది. ఎంపీ4లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా పని పూర్తయ్యాకే ఫైలులో చేరుతుంది. అది లేకపోతే ప్లేయర్ ఫైలును తెరవలేదు. నా సగం ఫైలులో ముందుకు, వెనక్కు జరపడం మాత్రం సరిగా కుదరలేదు. ఎంకేవీ ఫైళ్ల పనులకు వాడే ఎంకేవీ టూల్‌నిక్స్ సాఫ్ట్‌వేర్‌లో వేసి మళ్లీ సేవ్ చేస్తే అదీ దారికొచ్చింది.

ఇంకో మంచి సంగతి, డిస్క్‌లోని ఎంపెగ్-2 (డీవీడీలు వాడే కుదింపు పద్ధతి) వీడియోను ఎంకేవీలోకి ఉన్నదున్నట్టు మార్చుకోవచ్చు. ఇంకా చిన్న సైజు వచ్చే హెచ్.264 పద్ధతికి కుదించేటప్పుడు పోయే వివరం మళ్లీ రాదు కాబట్టి అసలుది దాచుకోవడమే నాకు నిశ్చింత.

అలాగని అన్నిచోట్లా హాయిగా ఆడుతుందని కాదు. పిన్ని వాళ్ల టీవీలో బొమ్మ వచ్చింది, మాట రాలేదు. డిస్క్‌లోని డాల్బీ ఆడియో ఆ టీవీకి పడలేదు. ఐఫోన్‌లో విడిగా వీఎల్‌సీ వేసుకోవాలి. నిండు డిస్క్ అయితే 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైలుగా పట్టదు. అందుకే చుట్టాల కోసం హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియోతో ఎంపీ4 కాపీలు చేసి ఇస్తున్నాను. వాళ్లకు అదే సుఖం.

మా ఇంట్లో 2 టీబీ హార్డ్ డిస్క్ ఉంది, ఇవన్నీ చూసుకునే ఓపికా నాకుంది. డిస్కులు బాగానే ఉండి, టీవీలో చూసుకుంటే చాలనుకునే వాళ్లు నేరుగా ఎంపీ4 చేసుకోవచ్చు. గీతలు పడినవి, ఇంకో కాపీ లేనివి ఉంటే మాత్రం ముందు వాటిని ఎంకేవీలోకి దించండి.