మా వీధి చివరి కిరాణా కొట్టు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నాను, ఐదు స్టార్లలో నేనిచ్చేది మూడున్నరే. అయినా నెల సామాన్లలో ముప్పావు వంతు ఇప్పటికీ అక్కడే కొంటున్నాను. ఈ రెండూ ఎలా కుదిరాయని మా బావమరిది అడిగాడు, వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్రా. మేం ఇవతల ఉన్నవాళ్లం, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజారులో ఏది ముందు నోటికొస్తే అది. 2017లో ఈ వీధికి అద్దెకు వచ్చినప్పుడు ఈ కొట్టు మీద నాకు ఏ అభిమానమూ లేదు. చీకటి గది, గుమ్మంలోనే బెల్లం దిమ్మల మీద చీమలు, షావుకారు గారు పేపరు మడిచేదాకా మన వైపు చూడరు. అగ్గిపెట్టె, ఉప్పు లాంటివి అయిపోతేనే వెళ్లేవాణ్ణి.

2018 అక్టోబరు 11, లక్ష్మీవారం తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటి మా జిల్లా మీద పడింది. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, ఏటీఎం తెరుచుకోదు, నా జేబులో నూటనలభై రూపాయలున్నాయి, ఇంట్లో అమ్మ, మా ఆవిడ, మూడేళ్ల పిల్ల. షావుకారు గారు షట్టరు సగం ఎత్తి లోపల దీపం పెట్టుకుని కూర్చున్నారు. బియ్యం, కందిపప్పు, పాలపొడి, కొవ్వొత్తులు అన్నీ కట్టి, డబ్బుల సంగతి నేను నసుగుతుంటే "ముందు తీసుకెళ్లండి బాబూ, రాసుకుంటాను లెండి" అన్నారు. పది రూపాయల కొవ్వొత్తుల పేకెట్టు పది రూపాయలకే ఇచ్చారు, అవే రోజుల్లో దానికి ఇరవై ఐదు పెట్టి వేరే చోట కొన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నేను బాకీ తీర్చింది దసరా వెళ్లాక. దీన్ని నేను దయ అనను. మేం ఎక్కడికీ పోమని ఆయనకి తెలుసు, ఆయనా ఎక్కడికీ పోరని మాకు తెలుసు, అంతే.

తర్వాత ఊళ్లోకి ఒక పెద్ద చైన్ దుకాణం వచ్చింది. దాచడం ఎందుకు, మూడు నెలలు అన్నీ అక్కడే కొన్నాను. చల్లగా ఉంటుంది, ప్రతి పేకెట్టు మీదా తేదీ కనిపించేలా సర్దుతారు, ఏం కొన్నా ఎవరూ ఏమీ అడగరు. ఒక నెల ఒకే చీటీ పట్టుకుని రెండు చోట్లా ధరలు రాసుకున్నాను. సబ్బులు, పేస్టు, బిస్కెట్లు, నూనె పేకెట్లు చైన్‌లోనే చౌక. వాళ్లు లారీల లెక్కన కొంటారు, ఎమ్మార్పీలో కొంత వదిలినా మిగులుతుంది, మా షావుకారు గారికి ఏజెంటు వదిలే మార్జినే కాస్తంత, అందులోంచి ఆయన ఏం వదులుతారు? కానీ విడి సరుకుల దగ్గర లెక్క తిరగబడింది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది, బస్తాలోంచి తూచి ఇచ్చేదానికి లేదు. (26 కిలోల బియ్యం బస్తాలు ఎందుకొచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది.) చైన్‌లో పప్పు కవర్లోనే దొరుకుతుంది. పైగా మాకు పది రూపాయల మెంతులు చాలు, వంద గ్రాముల పేకెట్టు కొంటే సగం పురుగులకే.

ఇంకోటి మార్గశిరం. మా లక్ష్మీవారాల పూజకీ, ఇక్కడి ఒడియా వాళ్ల మాణబసాకీ (అదీ ఈ నెల లక్ష్మీవారాల్లో చేసే లక్ష్మీపూజే) కొత్త ధాన్యం కావాలి, షావుకారు గారు ముందు వారమే బుట్టలో పోసి పెడతారు. చైన్‌లో అడిగితే కౌంటరు దగ్గరి అమ్మాయి "ఆ ఐటమ్ రాదండి" అంది. ఆ అమ్మాయిదీ మా ఊరే, వాళ్లింట్లోనూ మాణబసా చేస్తారు, కానీ ఏ సరుకు రావాలో తేల్చేది ఎక్కడో దూరాన గోడౌన్‌లో. కొండ మీంచి సవర గిరిజనులు దించే చింతపండు, కొండచీపుర్లు కూడా ఈయన నేరుగా కొంటారు. ఆ బేరం ఎంత గట్టిగా ఆడతారో రెండుమూడు సార్లు చూశాను, అది మాత్రం నాకు నచ్చలేదు.

ఇక ఆ ఒకటిన్నర స్టారు ఎందుకు కోశానంటే, డేట్ అయిపోయిన సేమ్యా రెండుసార్లు అంటగట్టారు, మార్చి ఇచ్చారు గానీ ఏదో మనమే తప్పు చేసినట్టు మొహం పెట్టి. పద్దు పుస్తకం ఇంకో తలనొప్పి. ఒక నెల కిలో నూనె రెండుసార్లు రాశారు, నా డైరీ తెచ్చి చూపిస్తే కొట్టేశారు, తర్వాత రెండు వారాలు నాతో ముభావంగానే ఉన్నారు. అప్పటి నుంచి పద్దు రాసిన ప్రతిసారీ నేనూ ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నాను, మీరూ అదే చేయండి, మొహమాటపడితే మీకే నష్టం. అన్నిటికన్నా చిరాకు, ఎవరింట్లో ఏం వండుతున్నారో ఆయనకి తెలిసిపోతుంది. పంచదార ఓ కిలో ఎక్కువ కొంటే "చుట్టాలొచ్చారా బాబూ" అని నలుగురిలో అడుగుతారు. బాకీ ఉన్నప్పుడైతే అదీ నలుగురిలోనే.

అందుకని ఇప్పుడు నేను చేసేది ఇది: సబ్బులూ పేస్టులూ చైన్‌లో, బియ్యం, పప్పులు, పోపు సామాన్లు, బెల్లం, పూజ సరుకులు ఇక్కడ. అన్నీ స్థానికంగానే కొనాలని పంతం పట్టినవాళ్లని చూశాను, మూడో నెలకి మానేశారు.

ఏడాదిగా షావుకారు గారికి మోకాళ్ల నొప్పులు, కొడుకు కూర్చుంటున్నాడు. కుర్రాడు మంచివాడు, యూపీఐ స్కానరు పెట్టాడు, పాత పేకెట్లు ఏరి అవతల పారేశాడు, చీమలు కూడా తగ్గాయి. ఒక్కటే చిక్కు. ఒడియా మీడియంలో చదివాడు, తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ చదవలేడు. మా అమ్మకి తెలుగు తప్ప ఇంకో రాత రాదు, చీటీ రాసి పిల్లతో పంపిస్తుంది, తండ్రి ఉన్నన్నాళ్లూ అది చూసి సరుకు కట్టి పంపేవారు. కొడుకు మొదటిసారి అడగడానికి మొహమాటపడి ఊహించి కట్టాడు, జీలకర్ర బదులు సోంపు వచ్చింది. ఇప్పుడు అమ్మ రాసిన ప్రతి మాట పక్కనా నేను ఒడియాలో రాసి పంపుతున్నాను. నా ఒడియా దస్తూరి చూసి వాడు నవ్వుకుంటున్నాడని పిల్ల వచ్చి చెప్పింది.