ప్రైవేటు కాలేజీనా, వర్సిటీ గెస్ట్ పోస్టా?

నేను యానాది కులస్థుణ్ని, ఎస్టీని. నెల్లూరులో రెండు చోట్లా బోటనీ చెప్పాను.

ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జీతం నెలనెలా పడేది. ఏప్రిల్ వస్తే మాత్రం పాఠాలు పక్కనపెట్టి అడ్మిషన్ల టార్గెట్. కరపత్రాల కట్ట చేతికిచ్చి, "మీ వాళ్ల కాలనీలకు మీరెళ్తేనే నమ్ముతారు సార్" అనేవారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సీట్లు మరి! కాలేజీ వాళ్లకు నా కులం అప్పుడే గుర్తొచ్చేది. హెచ్‌వోడీ పోస్టు ఖాళీ అయినప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. రీసెర్చంటే ఏడాదికి ఇన్ని పేపర్లనే లెక్క, అంతే.

మా వైపు 2008లో విక్రమ సింహపురి, 2022లో ఒంగోలులో ఆంధ్రకేసరి వర్సిటీలు వచ్చాయి. ప్రభుత్వ వర్సిటీల రెగ్యులర్ పోస్టుల్లో ఎస్టీలకు 6 శాతం రిజర్వేషన్, ప్రైవేటులో ఆ ఊసే లేదు. గెస్టుగా చేరితే క్లాసు లెక్కన డబ్బులు, ఎండాకాలం సెలవుల్లో జేబు ఖాళీ. అయినా మా తాత పసరు మందుల మీద తీరిగ్గా రాసుకున్నది అక్కడే. నేనైతే మళ్లీ గెస్టుగానే వెళ్తా, ఇంట్లో తిట్టినా సరే.